సత్తవ్వ అరుగు మీద రెండు పార్టీలు

సత్తవ్వ బీడీలు చుట్టే అరుగు చిన్నది. ఇద్దరు ఆడవాళ్లు, వాళ్ల ఒళ్లో రెండు చాటలు, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు. అంతకు మించి పట్టదు. అయినా రాష్ట్రం, దేశం రెండూ ఆ అరుగు మీద ఇమిడిపోయేవి.

సత్తవ్వది చెయ్యి గుర్తు. ఆమె పక్కన కూర్చునే లింగవ్వది పువ్వు గుర్తు. వేములవాడ వైపు వెళ్లే బస్సు ఆ ఇంటి ముందు నుంచే పోతుంది. దాన్ని చూస్తే చాలు, వాదం మొదలయ్యేది.

"చూసినవా వదినె, ఆడోళ్లు పైసా ఇయ్యకుంట పోతుండ్రు. మా సర్కారు పుణ్యం" అనేది సత్తవ్వ.

"పోతుండ్రు, ఒంటికాలి మీద నిలబడి పోతుండ్రు. ఇంకో కాలు పెట్టే జాగ ఎప్పుడిస్తరట మీ సర్కారోళ్లు?"

"మా బస్సుల నీకు ఒక్క కాలు పెట్టనన్న జాగ దొరికింది. మీ ఢిల్లీ వాళ్లు బీడీ మీద పన్ను వేసి మన కడుపు మీదనే కాలు పెట్టిరి."

ఇలా అనుకుంటూనే ఆకు కత్తిరించేవాళ్లు, తంబాకు నింపేవాళ్లు, దారం చుట్టేవాళ్లు. వాదం వేడెక్కితే వేళ్లు వేగం అందుకునేవి. సత్తవ్వ భర్త గట్టయ్య దుబాయి నుంచి తిరిగొచ్చి పొలం చూసుకుంటున్నాడు. "ఎలక్షన్లు నెలనెలా వస్తే మనింట్ల బీడీల గుట్టలు లేస్తయి" అని నవ్వేవాడు.

ఒక ముసురు రోజున మాటలు నిండుకున్నాయి. ఏళ్ల తరబడి అవే ముచ్చట్లు. సత్తవ్వ నోరు తెరవబోతుండగానే లింగవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు వదినె. నువ్వేమంటవో నాకు ఎరికే. నీ దిక్కుకెళ్లి నేనే చెప్త, ఇను."

చెప్పింది. సత్తవ్వ కంటే బాగా చెప్పింది. సత్తవ్వకు రోషం వచ్చి, పువ్వు పార్టీ తరఫున అందుకుంది. ఆ రోజంతా ఒకరి పార్టీని ఇంకొకరు మోశారు. కడుపు పట్టుకుని నవ్వారు. అప్పటి నుంచి మాటలు పాతబడ్డ రోజుల్లో ఇద్దరూ దిక్కులు మార్చుకోవడం అలవాటైంది. ఈ ఆట ఆ అరుగు దాటి ఎవరికీ తెలియదు.

ఆ వానాకాలం యూరియాకు కరువొచ్చింది. ఎరువులిచ్చే సొసైటీ ముందు రైతులు తెల్లవారకముందే చెప్పులు వరసగా పెట్టి, తాము గోడ పక్కన కూర్చునేవారు. ఊళ్లో ఎవరి నోట విన్నా అదే మాట. తప్పు ఢిల్లీదా, హైదరాబాద్‌దా? అరుగు మీద ఆ రోజు దిక్కులు మారి ఉన్నాయి.

"ఢిల్లీ వాళ్లు సంచులు పంపకుంటె ఇక్కడి మంత్రి ఏం జేస్తడు? పొయ్యి మీద వండుతడా యూరియా?" అని లింగవ్వ గట్టిగా దులిపింది.

ఎదురింటి దీపిక డిగ్రీ చదువుతున్న పిల్ల. అరుగు మీది వాదం విని ముచ్చటపడి, లింగవ్వ మాటను ఫోన్లో పట్టి, ఊరి గ్రూపులో పెట్టింది. పట్టింది ఆ ఒక్క ముక్కే. సత్తవ్వ ఇచ్చిన జవాబు అందులో లేదు.

లింగవ్వ కొడుకు రాజ్‌కుమార్ ఆ ఊళ్లో పువ్వు పార్టీ అధ్యక్షుడు. వీడియో మండలం దాకా పోయింది. "ఊరి సంగతి తర్వాత, ముందుగాల మీ ఇంట్ల గెలువు తమ్మీ" అని అతని పార్టీవాళ్లే రాశారు. సర్పంచ్ ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. రాజ్‌కుమార్ తల్లిని తిట్టలేదు. "జర కొన్ని రోజులు అటు పోకవ్వా, నన్ను చూసి నవ్వుతుండ్రు" అని మాత్రం అన్నాడు. కొడుకు తలదించుకుని అడిగిన మాటను లింగవ్వ కాదనలేకపోయింది. అది ఆట అని చెప్పినా ఎవరూ నమ్మరని ఆ సంగతి విప్పనూ లేదు.

ఈ సంగతంతా దీపికే కళ్లనీళ్లతో వచ్చి సత్తవ్వకు చెప్పింది. సత్తవ్వ ఆ పిల్ల కళ్లు తుడిచి పంపింది. ఒంటరిగా చాట ముందు కూర్చుంది. దారం ఒకటికి రెండుసార్లు తెగింది. తనలో తాను వాదించుకుందామంటే, ఎదుటి మనిషి లేక వాదం ముందుకు సాగలేదు. రోజులు గడుస్తున్నాయి. గట్టయ్య పలకరిస్తే, "వదినె లేకుంటె నా పార్టీ మీద నాకే మనసు పోతలేదు" అంది.

"మరి పోయి తోల్కరారాదు?" అన్నాడతను.

ఆమె చాట చంకన పెట్టుకుని లింగవ్వ ఇంటికి వెళ్లింది. రాజ్‌కుమార్ ట్రాక్టర్ కడుగుతున్నాడు. లింగవ్వ లోపల గడప దగ్గర నిలబడింది, బయటికి రాలేదు.

"అత్తా, కూసో" అన్నాడు రాజ్‌కుమార్, నేల చూస్తూ.

"కూసుంట గని అల్లుడా, మీ అవ్వ ఆ మాట అన్ననాడు నేనేమన్ననో నీకెవరన్న చెప్పిన్రా?"

"నువ్వేమంటవ్, ఇంకో రెండు తిట్లు కలిపి ఉంటవ్."

సత్తవ్వ అతని గుమ్మం ముందే కూర్చుని చాట ఒళ్లో పెట్టుకుంది. "పెండ్లిల బువ్వ అందకుంటె వంటోన్ని తిడ్తమా, వడ్డించేటోన్ని అడుగుతమా? వండినోడు వండి పంపిండు. ఈడ వడ్డించేటోడు ఒక బంతికి రెండుసార్లు పెట్టి ఇంకో బంతికి ఖాళీ గిన్నె చూపిస్తే, తప్పు ఢిల్లీదా? గిట్లన్న. నీ పార్టీ దిక్కుకెళ్లి అన్న. మేం అప్పుడప్పుడు దిక్కులు మార్చుకుంటం అల్లుడా. ముసలోళ్ల ఆట."

రాజ్‌కుమార్ చేతిలోని పైపు నీళ్లు అతని కాళ్ల మీదే పడుతున్నాయి. అతని పెదవులు వంకరపోయాయి. నవ్వు ఆపుకోలేకపోయాడు.

"గీ వడ్డన ముచ్చట మా మీటింగుల ఒక్కడు చెప్పలే అత్తా."

"అయితే ఫోన్ తియ్యి. మళ్ల చెప్త, పట్టుకో. నీ గ్రూపుల పెట్టు."

"మీ పార్టీ వాళ్లు ఊకుంటరా?"

ఆ సంగతి ఆమె దారిలోనే ఆలోచించుకుంది. గట్టయ్యను కూడా రచ్చకట్ట దగ్గర నలుగురూ నిలదీస్తారని తెలుసు. "నవ్వుతరు. మీ అవ్వను చూసి నవ్వలేదా? ఇద్దరం సమానం అయితం. గని ఒక్కటే షరతు. మీ అవ్వ పక్కకు ఉంటేనే చెప్త. ఒక్కదాన్నే చెప్తే అది భాషణం అయితది, ముచ్చట గాదు."

రాజ్‌కుమార్ గడప వైపు చూశాడు. "రావే అవ్వా" అన్నాడు.

ఆ సాయంత్రం రెండో వీడియో ఊరంతా తిరిగింది. చెయ్యి పార్టీ వాళ్లు గట్టయ్యను, "ఏం గట్టయ్యా, మీ ఇంటిది పార్టీ మారిందట?" అని అడిగారు. "మారలే, జర అటు చూసొచ్చింది. మీరు గూడ ఒక్కసారి చూడరాదు" అన్నాడతను. కొందరు మూతి ముడుచుకున్నారు. కొందరు మాత్రం రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టుకుని, సంచుల లెక్క ఎవరిని అడగాలో మాట్లాడుకోసాగారు. సొసైటీ దగ్గరికి రెండు పార్టీల వాళ్లూ కలిసే వెళ్లి ఆ లెక్క అడిగారు. సంచులు ఎప్పుడొస్తాయో మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.

వీడియో తిరిగిన మర్నాడు పొద్దున్నే లింగవ్వ చాటతో అరుగెక్కింది. ముఖం గంటు పెట్టుకుని ఉంది.

"ఏమైంది వదినె?" అంది సత్తవ్వ.

"మా పార్టీ దిక్కుకెళ్లి గంత మాట్లాడినవ్, వేములవాడకు రైలు లైను వేస్తున్న ముచ్చట ఒక్కటన్న చెప్పినవా? అసలుదే మర్చిపోయినవ్."

"మర్వలే. రైలు వచ్చినంక చెప్దమని ఆగిన."

"అస్తది తియ్యి. అచ్చిన నాడు నిన్ను కిటికీ పక్కకు కూసుండపెడ్త."

"టికెట్ ఎవరు తీస్తరు మరి? మా బస్సుల అయితే ఉత్తగనే పోదుము" అంది సత్తవ్వ, ఆకులు చుట్టిన తడిగుడ్డ విప్పి సగం ఆకు ఆమె వైపు జరుపుతూ.