ఇన్‌స్పెక్టరు గారి గడ్డం మీది దూది

తూనికలు, కొలతల శాఖలో ఆయనకి ఇరవై రెండేళ్ల సర్వీసు. ఆ ఇరవై రెండేళ్లలో ఆయన నమ్మిన త్రాసు ఒక్కటీ లేదు. పళ్లెం అడుగున అంటించిన మైనం, రాయి కడుపులో తొలిచిన రంధ్రం ఆయన కనపడగానే నేరం ఒప్పుకునేవి. బజారు మాత్రం ఆయనకి 'దూది ఇన్‌స్పెక్టరు' అని పేరు పెట్టుకుంది. గడ్డం గీసుకున్నప్పుడల్లా ఎక్కడో తెగేది, తెగితే మధ్యాహ్నం దాకా నెత్తురు ఆగేది కాదు, అందుకని రెండు మూడు దూది ముక్కలతోనే ఆయన తనిఖీలకి వేంచేసేవారు. దీనికి బాధ్యులు బ్లేడు కంపెనీలని ఏనాడో తేల్చేశారు. తొమ్మిది రకాలు మార్చి, తొమ్మిదింటినీ దోషులుగా ప్రకటించారు.

అటువంటి మనిషి చేతిలో ఆసుపత్రివాళ్లు సంతకం కోసం ఐదు పేజీల కాగితం పెట్టారు.

ఎనిమిదేళ్ల కూతురికి టాన్సిల్స్ తీయించాలి. కాని ఆ పిల్లకి ముక్కులోంచి నెత్తురు మొదలైతే గంటకి గాని ఆగదు. నెత్తురు గడ్డకట్టడంలో లోపం ఉంది, అది ఏ రకమో తెలిస్తేగాని ఏ మందు ఇచ్చి కత్తి పట్టాలో చెప్పలేనన్నాడు సర్జను. రకం తేల్చేది పై అంతస్తులో పిల్లల రక్తజబ్బుల మీద పరిశోధన చేసేవాళ్లు. వాళ్లకి తల్లిదండ్రుల నెత్తురు కూడా కావాలట.

"జబ్బు పిల్లకైతే నా నెత్తురెందుకమ్మా?" అని నర్సుని నిలదీశారు.

"పోల్చి చూడ్డానికి సార్."

"చూశాక మిగిలింది?"

"ఫ్రీజర్లో పదేళ్లు దాస్తాం. నాలుగో పేజీలో ఉంది సార్."

"మొదటి పేజీలో ఎందుకు లేదు?"

అప్పటికే నెత్తురిచ్చి కూర్చున్న భార్య నిట్టూర్చింది. "ఇచ్చేయండీ, పోయేది ఒక్క గొట్టమేగా!"

"గొట్టంలో ఎంత పడుతుందో వీళ్లు చెబితే నమ్మడమేనా?" అంటూ ఆయన సంచిలోంచి ఆఫీసు కొలతగ్లాసు తీశారు. ఖాళీ గొట్టంలో నీళ్లు పోయించి కొలిచారు. గీతకి సరిగ్గా వచ్చింది. కొంచెం నిరుత్సాహపడ్డారు.

నర్సు కాగితం చూసి అడిగింది. "మీ ఇంట్లో ఎవరికైనా నెత్తురు త్వరగా ఆగకపోవడం ఉందా?"

"మా వంశంలో అలాంటివేం లేవు. రాసుకోండి."

నర్సు కలం కదలలేదు. "మరి ఆ గడ్డం మీద దూది?"

"బ్లేడు."

"తొమ్మిది బ్లేడ్లూ కూడబలుక్కున్నాయా?" అంది భార్య.

"నాన్నా, నానమ్మ పన్ను పీకించుకున్నప్పుడు తలగడంతా ఎర్రగా అయిందన్నావుగా?" అంది కూతురు.

అయింది. పళ్లడాక్టరు చేతకానివాడని అప్పుడు ఇంటిల్లిపాదీ తీర్మానించారు. తీర్మానం ప్రవేశపెట్టింది ఆయనే.

ఇన్‌స్పెక్టరు గారు గడ్డం మీది దూదిని వేలితో తడిమి చూసుకున్నారు. ఆయన శాఖలో ఒక నియమం ఉంది. ఊళ్లో తూకాలు పట్టే ముందు ఇన్‌స్పెక్టరు తన పెట్టెలోని ఇత్తడి రాళ్లని ఏటా పై ఆఫీసుకి పంపి సరిచూపించుకోవాలి. ఇరవై రెండేళ్లుగా ఒక్క ఏడూ తప్పకుండా పంపారు. పెట్టె మోసే ఇన్‌స్పెక్టరుని కూడా పంపి సరిచూపించాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

ఆయన సంతకం చేసి చొక్కా చెయ్యి మడిచారు. "గొట్టం మీద నంబరు నా ఎదురుగా వెయ్యండి."

వేశారు. సూది తీశాక నెత్తురు ఆగలేదు. దూది కింద ఏం జరుగుతోందోనని ఆయన ఎత్తి చూడబోతే కూతురు చెయ్యి పట్టుకుంది. ఈ విద్యలో ఆ ఇంటికి పెద్దది అదే.

"గట్టిగా నొక్కు నాన్నా. మధ్యలో తీసి చూస్తే మళ్లీ మొదలు!"

ఇరవై నిమిషాలు ఆయన తీసి చూడలేదు. గోడగడియారం సరిగ్గా నడుస్తోందా అని మాత్రం రెండుసార్లు అడిగారు.

మూడు వారాలకి రకం తేలింది. లోపం తండ్రి వైపుదే. సర్జను మందు పేరు, ఆపరేషను తేదీ రాసిచ్చాడు. ఇన్‌స్పెక్టరు గారు ఆ కాగితాన్ని వెలుతురుకెత్తి ముందూ వెనకా చూసి, మడిచి, గుండెకి దగ్గరగా ఉన్న జేబులో పెట్టుకున్నారు.