తొలి బ్యాచ్ ఫోటోలో గుండు మనిషి

తిరువళ్ళూరులో మా నాయన చదివిన కాలేజీ వాళ్ళు, ఎనభైల్లో, లైబ్రరీ పక్క గది ఖాళీ చేసి తొలినాళ్ళ విద్యార్థుల వస్తువులు పోగుచేశారు. హాకీ కర్రలు, నాటకాల కిరీటాలు, హాస్టల్ కంచాలు, గోడకు తొలి బ్యాచ్ గ్రూపు ఫోటో. నేను నాయన కాలేజీ కోటు తీసుకుని వెళ్ళాను. నాయన చనిపోయి, ఇల్లు వేలంలో పోయాక మాకు మిగిలింది అదే. ఆయన ఫోటోలన్నీ టేకు ఫ్రేములతో సహా కొన్నవాళ్ళకే పోయాయి. ఆయన మొగం ఇదీ అని చూపగలిగేది ఇక ఆ గ్రూపు ఫోటో ఒక్కటే.

అందులో కోట్ల వరుస చివర, చొక్కా లేకుండా, గుండుకు చందనం పూసుకుని నిలబడ్డది మా నాయన. ఆయన కింద 'హాస్టల్ వంటమనిషి' అని రాసి ఉంది.

గది చూసుకునే పెద్దాయన ఆ బ్యాచ్‌లోనే చదివినవారు.

"ఆయన మా నాయన" అన్నాను.

"మీ నాయన క్రాపు నేనెరగనా? అద్దం ముందర నుంచి లేపాలంటే గంట కొట్టాల. ఇది వంటాయనప్పా."

"సీటొస్తే తిరుత్తణిలో తలనీలాలిస్తానని మా అవ్వ మొక్కుకునింది. కొండ దిగి నేరుగా వచ్చినాడు. ఆ పొద్దే ఫోటో తీసినారు."

"వంటాయన గూడా మొట్టగుండు కొట్టుకునేవాడే."

బతిమాలడం మా ఇంట్లో ఎవరికీ రాదు. కోటు చంకన పెట్టుకుని బస్సెక్కాను.

మరునాడు పొద్దున్నే తిరుత్తణి కొండమీద మంగలి ముందు కూర్చున్నాను.

"ఏం మొక్కు సామీ?"

"మొక్కు లేదు."

"మరి పేలా?" అని నవ్వాడు. "మీసం?"

ఆ ఫోటోలో నాయన తప్ప, మా తాత నాటి నుంచీ మా ఇంట్లో మీసం తీసిన మగవాడు లేడు. "అదీ తియ్" అన్నాను.

చందనం పూసుకుని నేరుగా కాలేజీకి వెళ్ళాను. పెద్దాయన కళ్ళజోడు ఎత్తి నన్ను చూశారు, ఫోటో చూశారు. నన్ను గుర్తుపట్టలేదు.

"రాప్పా. మా వంటాయన కొడుకువి గదా? అచ్చం అదే మొగం. ఆయన చేతి రసం ఇంకా మరవలేదు."

"ఈ ఫోటోలో ఉండే ఆయన కొడుకునే. నిన్న కోటు తెచ్చిందీ నేనే."

ఆయన కుర్చీలో కూలబడ్డారు.

"పేర్లు గాజు కింద అతికించేసినారప్పా. తెల్లారితే గది తెరిచేది. ఇప్పుడెట్ల మార్చేది?"

"మార్చండి అయ్యా" అన్నాను. ఆయన తల దించుకున్నారు. "మార్చండి" అని మళ్ళీ అన్నాను. ఒకే మనిషిని రెండోసారి అడగడం నాకు అదే మొదలు.

ఆయన ఒక అట్టముక్క తీసి మా నాయన పేరు రాశారు. "కోటు మీద పెడతా. నేను చెయ్యగలిగేది ఇంతే."

ఎండిన చందనం నా నుదుటి మీద రాలుతోంది. కోటు గుండీలన్నీ పెట్టి, ఫోటోలో ఆయన నిలబడ్డ చోటికి సరిగ్గా కింద, బల్ల మీద పరిచాను.