ఆరో అంతస్తుకీ రెండో అంతస్తుకీ మధ్య దుబాసి

ఆ ఆసుపత్రి ఆఫీసులో ఆవిణ్ణి అందరూ దుబాసి అంటారు. ఆరో అంతస్తులో పెద్దలు, రెండో అంతస్తులో కంప్యూటర్ల వాళ్ళు. ఇద్దరూ మాట్లాడేది తెలుగే, అయినా ఒకరి మాట ఒకరికి అర్థమై చావదు. మధ్యలో తిరగడానికి ఈవిణ్ణి జీతమిచ్చి మరీ పెట్టుకున్నారు!

ఈ విద్య ఆవిడ ఏ కాలేజీలోనూ నేర్వలేదు. చిన్నప్పుడు అమ్మానాన్నలు ఏదో పట్టింపుకుపోయి ఆరేళ్ళు మాట్లాడుకోలేదు. "తింటాడో తినడో అడుగు ఆ మహానుభావుణ్ణి" అని అమ్మ వంటింట్లోంచి అరిస్తే, ఈ పిల్ల ముందుగదిలోకి వెళ్ళి "నాన్నా, అమ్మ భోజనానికి రమ్మంటోంది" అనేది. "ఆకలి చచ్చిందని చెప్పు" అని ఆయనంటే, అది "కాసేపాగి తింటాట్టమ్మా" అయ్యేది. మాటలో ముళ్ళు ఏరేసి అందించడం అలా ఒంటబట్టింది. ఇల్లు నిలబడింది తనవల్లేనని ఆవిడకి ఇప్పటికీ గర్వం.

ఇప్పుడొచ్చిన తంటా వేరు. మందుల విభాగం కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మారాలి. రెండో అంతస్తు హెడ్డు ముక్కుసూటి మనిషి. మూడు వారాల కిందటే ఆవిడతో అన్నాడు: "మేడమ్, ఏ రోగికి ఏ మందు పడదో రాసిన పాత వివరాల్లో సగం కొత్తదాంట్లోకి రాలేదు. ఇలాగే తెరిస్తే ఎవరి ప్రాణమో పోతుంది. పైన చెప్పండి."

ఆవిడ పైకెళ్ళి డైరెక్టరుగారితో, "కొన్ని పాత వివరాలు సర్దాలి సార్, చూసుకుంటున్నారు" అంది. "అనుకున్న సోమవారానికి తెరవకపోతే ఒక్కొక్కడి సంగతి తేలుస్తా" అన్నాడాయన. అది కిందికి దిగేసరికి "వీలైతే సోమవారం బావుంటుందన్నారు" అయింది. పైవాళ్ళు పని పూర్తవుతోందనుకున్నారు, కిందివాళ్ళు గడువు దొరికిందనుకున్నారు. ఎవరి ధీమా వాళ్ళది.

శుక్రవారం మధ్యాహ్నం అందరికీ మెయిల్ వచ్చింది: సోమవారం ఉదయం ఏడింటికి ప్రారంభం.

ఆవిడ దాన్ని రెండుసార్లు చదివింది. కుర్చీలో కూర్చుంది, లేచింది. నీళ్ళు తాగింది, మళ్ళీ తాగింది. కాలుగాలిన పిల్లిలా వరండా అంతా తిరిగింది. అప్పుడే భర్త ఫోన్ చేశాడు.

"ఏంటి, గొంతు అలా ఉంది?"

"ఏం లేదు, కాస్త పనెక్కువ."

కట్టుకున్నవాడి దగ్గర కూడా అదే అలవాటు!

నిలవలేక కిందికి దిగి మందుల కౌంటరు దగ్గరకి వెళ్ళింది. అక్కడో పెద్దావిడ చీటీ పట్టుకుని బతిమాలుతోంది. "నాకా ఇంజెక్షన్ పడదు బాబూ, పోయినసారి గొంతు మూసుకుపోయింది. మీ కంప్యూటర్లో ఉందా?"

"ఉందమ్మా, ఇదిగో, ఎర్రగా కనిపిస్తోంది. బెంగపడకండి" అన్నాడు కౌంటరతను.

సోమవారం అది కనిపించకపోవచ్చు. దుబాసి అక్కడ ఇంకొక్క క్షణం నిలబడలేదు. లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లెక్కి, హెడ్డు బల్ల ముందు రొప్పుతూ నిలబడింది.

"నాతో పైకి రండి."

"నేనా? పైకి మీరేగా వెళ్తారు?"

"ఈసారి నేను చెప్పను. నాతో అన్న మాటే, పొల్లుపోకుండా మీరే చెప్పండి."

ఆరో అంతస్తుకెళ్ళి అతను చెప్పాడు. డైరెక్టరుగారి మొహం పాలిపోయింది. "ఇంత ఘోరం మూడ్రోజుల ముందా చెప్పేది?"

"మూడు వారాల కిందటే చెప్పాను సార్."

ఇద్దరూ ఒక్కసారే ఆవిడ వైపు తిరిగారు. ఎవరికీ నొప్పి తగలని వాక్యం ఒకటి అలవాటుగా నాలిక చివరికొచ్చింది. మింగేసింది.

"చెప్పారు సార్. మీదాకా రానివ్వనిది నేను. మీ కోపం ఆయనదాకా వెళ్ళనివ్వనిదీ నేనే."

డైరెక్టరుగారు చాలాసేపు ఆవిణ్ణే చూశాడు. తర్వాత హెడ్డుకి కుర్చీ చూపించాడు. "కూర్చోండి. సోమవారం ప్రారంభం ఆపేద్దాం. సగం అంటే ఎంతమంది రోగులు?" ఇద్దరూ ఒకే కాగితం మీదికి వంగారు. కాసేపటికి ఆయన తలెత్తకుండానే, "మీరు సోమవారం నన్ను కలవండమ్మా" అన్నాడు.

ఆవిడ బయటికొచ్చింది. ఫోన్ మళ్ళీ మోగింది.

"ఇంకా పనేనా?" అన్నాడు భర్త.

"కాదండీ. తప్పు చేశాను, పెద్ద తప్పు. ఉద్యోగం పోతుందేమో. నాకు భయంగా ఉంది."

"అక్కడే ఉండు, వస్తున్నా" అన్నాడు.