మాట్లాడే బొమ్మకు మీటింగు చేతులు

పంటి నొప్పితో వచ్చిన మనిషిని నేను రాజీ పంచాయతీ దాకా తరిమిన కథ ఇది. ముందే నవ్వకండి, నా కొంప మునిగే చోటు ఇంకా రాలేదు.

జమ్మలమడుగు దారిలో బస్సు ఆగితే జనం ముఠాల బాంబులకు భయపడి మొదట కిటికీలు మూసి, ఆ తర్వాత ఎందుకు ఆగిందని అడిగే రోజులవి. నేను మాత్రం కలలు కనేదాన్ని. కంప్యూటరు డిగ్రీ చేతికొచ్చింది కదా! ప్రొద్దుటూరులో మా మేనమామ పళ్ళ డాక్టరు. ఆయన ఆసుపత్రి వరండాలో, తెర మీద రోగులను పలకరించే బొమ్మను తయారుచేస్తానన్నాను. బాగుంటే అక్కడే ఉద్యోగం. లేకుంటే పులివెందులలో మా అత్త టైలరు షాపులో కాజాలు కుట్టాలి.

బొమ్మకు చీర కట్టాను, నా గొంతు ఇచ్చాను. మాట తేనె. చేతులు మాత్రం తడిసిన ఉప్పు మూటల్లా వేలాడుతున్నాయి.

"చేతులాడకుంటే అది మనిషి గాదు మే, శవం," అన్నాడు మామ.

చేతులు ఎక్కడ దొరుకుతాయి? పెళ్ళి వీడియోల్లో చేతులన్నీ విస్తట్లోనే ఉన్నాయి. వీడియో షాపాయన ఎన్నికల మీటింగుల క్యాసెట్లు ఇచ్చాడు. మధ్యాహ్నాలు శబ్దం తీసేసి చూస్తూ కూర్చుంటే, నాయకుల చేతులు పెన్న ఇసుక మీద కొంగల్లా లేచి, తిరిగి, మెల్లగా వాలేవి. ఎంత అందం! ఒక్కో కదలికనూ బొమ్మకు ఎక్కించాను. పలకరింపుకు, జనంలో ఒక్కొక్కరినీ చూపిస్తూ పోయే వేలు. ఓదార్పుకు, గాలిని అడ్డంగా కోసే అరచేయి. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు పోవడానికి మిగిలిందీ తక్కువే.

మొదటి రోజే పెద్దముడియం నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, వాచిన దవడకు తుండుగుడ్డ కట్టుకుని. బొమ్మ చిరునవ్వు నవ్వింది.

"రండి, కూర్చోండి. ఇంట్లో అందరూ బాగున్నారా?" వేలు గాలిలో మూడు చోట్ల ఆగి ఆగి కదిలింది.

ఆయన తుండుగుడ్డ జారిపోయింది. "బాగుండారమ్మా... నా కొడుకులు ముగ్గురూ ఊర్లో ల్యారు."

"భయపడకండి. నొప్పి తెలియదు." అరచేయి మెడ ఎత్తున సర్రుమంది.

"నువ్వు ఎవురి తరపో తెలిసిపాయ తల్లీ! ఆ బావికాడి చేను వదిలేస్తాండాం. రాజీకి వస్తాం. నా పిల్లోళ్ళ జోలికి మాత్రం రావద్దు!"

ఆయన మెట్లు దిగి ఒకటే పరుగు. మామ పటకారుతో బయటికొచ్చాడు.

"రోగి యాడికి పాయ?"

"నా బొమ్మ మాటకు కరిగిపోయాడు మామా."

"కరిగింది మాటకు గాదులే. ఆ చేతులు యాడియి?"

"మీటింగులవి."

మామ పటకారు పక్కన పెట్టాడు. "నీకు కాజాలు శానా బాగా వస్తాయి మే. పో, కుట్టుకో."

పులివెందులలో నా వేళ్ళకు సూది పోట్లు మానకముందే మామ ఫోను చేశాడు.

"పెద్దాయన మళ్ళీ వచ్చినాడు. ఎదుటి పార్టీవాళ్ళనీ తోడుకొని! రాజీ అయిపాయనంట. పక్క ఊర్లోనూ ఏందో తగువుందంట, మీ బొమ్మమ్మను పంపమంటాండారు."

"మరి ఆయన పన్ను?"

"నొప్పి ఆ పొద్దే భయపడి పాయనంట. ఊరంతా చెప్పుకుంటాండారు. ఇప్పుడు పన్ను పీకించుకునేదానికి ఎవురూ రారు, బొమ్మను చూసి పోతాండారు. మీ అత్తనడుగు, షాపులో ఇంకో కుర్చీ ఉందేమో."

కనుక సూదీ దారం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: కొంగ ఎంత అందంగా వాలినా చేప కోసమేనని పెన్న ఒడ్డున పుట్టి కూడా మరిచిపోయాను, ఇక మరవను. శబ్దం తీసేసి నాయకుల చేతులను నమ్మను. శబ్దం పెడితే అసలే నమ్మను.