బీట్ కాదు, బీట్స్

కర్త ఒక్కడైనప్పుడు క్రియ చివర ‘స్’ పలక్కపోతే ఇంగ్లీషు మాస్టారికి పంటికింద రాయి పడ్డట్టుండేది. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, సుద్దముక్కతో బల్లమీద టక్కున కొట్టేవారు. పెద్దవాళ్ల సాయంత్రం క్లాసులో ఆ రోజు, ఇంటి గురించి వర్తమానకాలంలో ఒక వాక్యం చెప్పమంటే, ఎప్పుడూ నోరు విప్పని కుట్టుపనావిడ లేచింది. “మై హజ్బెండ్ బీట్ మీ.”

సుద్దముక్క టక్కుమంది. “బీట్ కాదమ్మా, బీట్స్! మొగుడు ఒక్కడేగా? మళ్లీ చెప్పు.” అందరూ నవ్వారు. “మై హజ్బెండ్ బీట్స్ మీ,” అని ఆవిడ జాగ్రత్తగా పలికి, “రోజూ సార్” అంది. నవ్వులు ఆగిపోయాయి. తాను దిద్దిందేమిటో అప్పటికిగానీ మాస్టారికి తలకెక్కలేదు. సుద్దముక్క బల్లమీద పెట్టేశారు. “ఇవాళ ఇంటికెళ్లకు తల్లీ. మా ఆవిడ దగ్గరుందువుగాని, పద.”