గ్రేస్ తీసిన ఫొటో కోసం విశాఖ దాకా

పొద్దున్న ఎనిమిదిన్నర దాటాక రాజమండ్రిలో విశాఖపట్నం వెళ్ళే పగటి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ముందే రిజర్వు చేయించుకున్న కిటికీ సీటు దొరికింది. ఒక సంచిలో కెమెరా, ఇంకో సంచిలో మా కడియం నర్సరీ నుంచి తీసుకెళ్తున్న మల్లె మొక్క ఉన్నాయి. ముఖానికి మాస్కు పెట్టుకున్నాను. ఎదుటి సీటాయన "జలుబా అమ్మా?" అని అడిగితే అవునన్నాను. రైల్లో అబద్ధాలకు ఎవరూ లెక్క అడగరు.

నాకు జలుబు లేదు, బొల్లి ఉంది. కళ్ళ చుట్టూ, నోటి పక్కన, గడ్డం మీద తెల్ల మచ్చలు. పెళ్ళిళ్ళలో గ్రూపు ఫొటో అనగానే వడ్డన దగ్గరికి జారుకోవడం నాకు బాగా అలవాటు. అలాంటి నేను ఆన్‌లైన్‌లో ఫొటోగ్రఫీ క్లాసులో చేరడానికి కారణం ఒక్కటే. అక్కడ నేను లోకాన్ని చూడొచ్చు, లోకం నన్ను చూడక్కర్లేదు. గ్రూపులో నా పేరు పక్కన మందార పువ్వు ఉంటుంది. ఏడాదిగా అందరికీ నేను పువ్వుల భవానినే.

చివరి పాఠం దగ్గర చిక్కొచ్చింది. ఇద్దరిద్దరిని జతలు చేసి, ఒకరి ముఖం ఒకరు తీసి గ్రూపులో పెట్టమన్నారు మాస్టారు. ఒకరు మానేస్తే రెండోవాళ్ళకీ పాఠం పూర్తికాదు. నా జత విశాఖ అమ్మాయి గ్రేస్. షిప్పింగ్ ఆఫీసులో ఉద్యోగం. నేను తీసిన ప్రతి పువ్వు కింద ముందుగా రాసేది తనే. నా వల్ల ఆ పిల్ల పాఠం ఆగిపోకూడదని రైలెక్కాను గాని, అనకాపల్లి దాటాక కూడా వెనక్కి వెళ్ళిపోదామా అనే ఆలోచన పోలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను ఫోనులో గెలిచి రచ్చకు బయల్దేరాను.

పన్నెండున్నరకి విశాఖలో దిగాను. మెడలో కెమెరా వేసుకున్న పొట్టి అమ్మాయి నా చేతిలో మొక్కను చూసి పరుగెత్తుకొచ్చింది.

"భవానక్కేనా? నాను గ్రేస్. ఏటక్కా, మొక్కని మోసుకొచ్చినావా!"

నీకే అని మొక్కను తన చేతిలో పెట్టాను. స్టేషన్ బయట చిన్న మెస్సులో భోజనానికి కూర్చున్నాం. అన్నం తినాలంటే మాస్కు తీయాలి కదా. తీశాను. గ్రేస్ చూసింది. ఒక్క క్షణమే.

"సేపల పులుసు సల్లారిపోతంది. తినక్కా," అంది.

తిన్నాను. పులుసు బాగుంది. ఆ వీధిలో మెస్సులు నాలుగైదు ఉన్నాయి, జనం ఎక్కువున్న దాంట్లోకి వెళ్తే చాలు.

మధ్యాహ్నం భీమిలి బస్సెక్కాం. వెళ్ళేవాళ్ళు కుడివైపు కూర్చోండి, రుషికొండ నుంచి సముద్రం పక్కనే నడుస్తుంది. ఎడమ పక్క కూర్చుంటే ఐటీ ఆఫీసుల అద్దాలు చూసుకుంటూ వెళ్ళాలి. సాయంత్రం వెలుగులో నా ముఖం తీద్దామని గ్రేస్ ప్లాను. భీమిలిలో దిగేసరికి మబ్బు కమ్మేసింది. గ్రేస్ ఆకాశాన్ని తిట్టింది. నేను లోపల ఆకాశానికి దణ్ణం పెట్టుకున్నాను. ఇద్దరం వలలనీ, ఇసుకలో ఆరేసిన చేపల్నీ తీసుకుంటూ తిరిగాం. తను ఎప్పుడూ నిలువుగానే తీస్తుంది, నేను అడ్డంగానే తీస్తాను. ఏడాదిగా గ్రూపులో పడిన ఆ తగువు ఎదురుగా కూడా పడ్డాం. చిన్నప్పటి నుంచి తెలిసిన మనిషితో తిరిగినట్టే ఉంది.

రాత్రికి డాబాగార్డెన్స్‌లో ఒక లాడ్జిలో దిగాను. గది శుభ్రంగా ఉంది, ఫ్యాను మాత్రం తెగ మాట్లాడుతుంది.

తెల్లారగానే గ్రేస్ ఆటోలో వచ్చి ఫిషింగ్ హార్బర్‌కి తీసుకెళ్ళింది. పడవలు వరసగా వచ్చి ఆగుతున్నాయి. చేపల వేలం పాటదారుల కేకలు, ఐసు పెట్టెలు, కాళ్ళ కింద తడి. జారని చెప్పులు వేసుకుని వెళ్ళండి. పడవ మీద ఇద్దరు మా కెమెరాలు చూశారు.

"ఏటి బావా, ఫొటోలోళ్ళు వచ్చినారు. మనల్ని తీత్తారా, సేపల్ని తీత్తారా?"

"నీకంటే సేపే బాగుంటాది బావా, దాన్నే తీత్తారు."

నేను ముందు గ్రేస్‌ని తీశాను. నవ్వుతుంటే తీశాను కాబట్టి తేలిగ్గానే అయింది. తర్వాత నీలం రంగు వేసిన పడవ పక్కన నన్ను నిలబెట్టింది. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రెండు తీసి, స్క్రీన్ మీద చూసుకుని తల అడ్డంగా ఊపింది.

"తెలుపు కాలిపోతందక్కా. కొంచెం వెలుగు తగ్గిత్తాను, ఉండు."

మా కెమెరా వాళ్ళ భాషలో, వెలుగు ఎక్కువై తెల్లని చోట ఏమీ కనపడకపోతే కాలిపోయిందంటాం. నా ముఖం మీది తెలుపు గురించి డాక్టర్లు మాట్లాడారు, చుట్టాలు మాట్లాడారు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు పసర్లు చెప్పారు. వెలుగు లెక్కలో మాట్లాడింది ఈ పిల్లే. భుజాలు వాటంతటవే దిగాయి. ఆ తర్వాత తను ఎన్ని తీసిందో నేను పట్టించుకోలేదు.

పన్నెండూ ముప్పావుకి తిరుగు రైలు. ప్లాట్‌ఫారం మీద గ్రేస్ నన్ను కౌగిలించుకుని, "సాయంత్రం గ్రూపులో పెట్టేద్దాం అక్కా," అని వెళ్ళిపోయింది. నా పక్క సీటులో ఒక పెద్దావిడ. భర్త స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యారట, కూతుర్ని చూడ్డానికి సామర్లకోట వెళ్తోంది. దువ్వాడ దాటేసరికి పులిహోర పొట్లం విప్పి సగం నా చేతిలో పెట్టింది. మాస్కు తీసి తిన్నాను.

ఎలమంచిలి దగ్గర ఫోను మోగింది. గ్రేస్ ఫొటో పంపింది. నీలం పడవ, పొద్దుటి ఎండ, నేను. ముఖం మీద ఒక్క మచ్చ లేదు. అంతా చామనఛాయ, నున్నగా ఉంది. నాకు పంపేముందు యాప్‌లో తుడిచేసింది. అబద్ధమైనా అతికినట్టుండాలంటారు, ఇది అతికింది. నిజం చెప్పాలంటే నాకు నచ్చింది కూడా. తుని దాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

పెద్దావిడ తొంగి చూసింది.

"బాగుందండి పిల్ల. మీ చెల్లెలాండి?"

తొలిసారి ధైర్యం చేసి కెమెరా ముందు నిలబడింది నేనైతే, ఫొటోలో ఇంకెవరో ఉన్నారు. ఏడుపొచ్చినంత పనైంది. గ్రేస్‌కి ఫోను చేశాను.

"ఫొటో సూసినావా అక్కా? బాగుందా?"

"బాగుంది. కానీ అందులో నేను లేను గ్రేస్. పొద్దున్న అంత జాగ్రత్తగా కాలిపోకుండా తీసి, ఇప్పుడు నువ్వే తుడిచేశావేం?"

"నాకు ముందుదే ఇష్టం అక్కా. గ్రూపులో ఎవరైనా ఏదైనా అంటారేమో, నువ్వు మల్లీ రాకుండా పోతావేమో అని భయమేసింది. నాను తప్పు సేసినానక్కా."

"అననీ. ముందుది పంపు."

వచ్చింది. కళ్ళ చుట్టూ తెలుపు, గడ్డం మీద తెలుపు, అందులో చర్మం మీది గీతలు కూడా కనపడుతున్నాయి. నీలం పక్కన నా రెండు రంగులూ నిలబడ్డాయి. కళ్ళలో కొంచెం భయం, కొంచెం పొగరు. ఆ పొగరు నాలో ఉందని నాకే తెలియదు. ఫోను పెద్దావిడకి చూపించాను.

"ఆయ్, ఇదైతే మీరేనండి," అంది.

గ్రేస్ సాయంత్రం పెడదామన్నా ఆగలేదు. పువ్వుల భవాని ఫొటోని గ్రూపులో పెట్టింది. కింద 'తీసింది గ్రేస్, ఇది నేను' అని రాశాను.

నాలుగు దాటాక రాజమండ్రిలో దిగాను. విశాఖ పెద్ద ఊరు, నేను చూసింది ఒక మూలే. సింహాచలం కొండ ఎక్కలేదు, ఓడల దగ్గరికి వెళ్ళలేదు. అయినా వెలితిగా అనిపించలేదు. స్టేషన్‌కి బండి తెచ్చిన అన్నయ్య, "ఏం చూసొచ్చావే?" అని అడిగాడు. ఫోనులో సముద్రం ఉంది, భీమిలి ఉంది, పడవలున్నాయి.

ముందు నా ముఖం చూపించాను.