రెండు సెకన్ల తేడా

వీధిలో అందరూ ఆయన్ని ‘సెకన్ల మేష్టారు’ అనేవారు. ఆయన పాఠాలు చెప్పింది ఏనాడూ లేదు. గుట్టను తొలిచి కట్టిన నేలమాళిగలో భూకంపాల యంత్రాన్ని ముప్పై ఒక్క ఏళ్ళు కనిపెట్టుకుని ఉన్నారు. ఎవరైనా ఆలస్యంగా వస్తే “పదకొండు నిమిషాల నలభై సెకన్లు” అని లెక్క అప్పజెప్పేవారు. ఆ పేరు అలా అంటుకుంది.

పని చూడ్డానికి చిన్నదే. చలి, తేమ, కాగితం చుట్టిన సిలిండరు, దాని మీద గీత గీసే సూది. ఎక్కడో సముద్రం అడుగున నేల కదిలితే, ఆ అలలు భూమి లోపలినుంచి ప్రయాణించి పదమూడు నిమిషాలకు వచ్చి సూదిని వణికించేవి. వేడి రాతిలో అల కాస్త నెమ్మదిస్తుంది, చల్లటి రాతిలో వేగంగా పోతుంది. వందల స్టేషన్లకు అల ఏ సెకనుకు చేరిందో పోల్చి చూసి, ఎవరూ తవ్వలేని లోతుల బొమ్మ గీస్తారు శాస్త్రవేత్తలు. అందుకే స్టేషన్‌కి గడియారమే ప్రాణం. రోజూ ఉదయం ఎనిమిదింటికి రేడియోలో వచ్చే టైము సంకేతం విని, గడియారం ఎంత ముందుందో, ఎంత వెనకబడిందో రిజిస్టర్లో రాయాలి.

ఉద్యోగంలో చేరిన ఇరవయ్యో ఏట ఆయన భార్యకు కడుపునొప్పి మొదలైంది. ఆరు నెలలు గ్యాస్ అన్నారు. ఆ తర్వాత గడ్డ అన్నారు.

“భూమి కడుపులో ఏముందో కనిపెడతారు గానీ, నా కడుపులో ఏముందో మీకెవరికీ కనపడలేదు చూశారా?” అంది ఆవిడ నవ్వుతూ, ఆసుపత్రి మంచం మీద.

రెండేళ్ళు ఆసుపత్రే ఇల్లయింది. వార్డుకి డాక్టరు వచ్చేది సరిగ్గా ఎనిమిదింటికి. సెలవడిగితే బదులు మనిషి లేడన్నారు. ఆయన మధ్యాహ్నం వెళ్ళి, కాగితం మార్చి, రిజిస్టర్లో ‘తేడా లేదు’ అని రాసి వచ్చేసేవారు. అన్నేళ్ళూ మొరాయించని గడియారం ఇప్పుడెందుకు మొరాయిస్తుందిలే అనుకున్నారు.

ఆవిడ పోయిన వారానికి మళ్ళీ రేడియో పెట్టి విన్నారు. గడియారం రెండు సెకన్లు ముందుంది. సరిచేశారు. ఆ సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు.

ఆయన రిటైరైన చాలా ఏళ్ళకు ఒక శాస్త్రవేత్త వెతుక్కుంటూ ఇంటికొచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. ముందుగదిలో కూర్చుని కంప్యూటరు తెరిచి బొమ్మ చూపించింది. రెండువేల ఎనిమిది వందల కిలోమీటర్ల లోతున ఒక ఎర్రటి మచ్చ.

“ఇది మీ చలవేనండీ. ఆ దిక్కు అలల్ని అప్పట్లో పట్టింది మీ స్టేషన్ ఒక్కటే. అయిదేళ్ళు దీనిమీదే కూర్చున్నాను.” పక్కనే ఇంకో బొమ్మ తెరిచింది. “కానీ ఇప్పుడు కొత్త యంత్రాలకి ఈ మచ్చ కనపడట్లేదు. అటువైపు పెద్ద భూకంపాలన్నీ వచ్చిన రెండేళ్ళూ మీ రిజిస్టర్లో రోజూ ఒకే మాటుంది. గడియారం అంత బాగుండేదా?”

బాగుండేదని అనేస్తే అడిగేవాళ్ళు లేరు. టీ కప్పులు పట్టుకుని గుమ్మంలో నిలబడిన కూతురివైపు చూశారాయన.

“నేను వినలేదమ్మా. మా ఆవిడ ఆసుపత్రిలో ఉండేది. రెండు సెకన్లు ముందుందని తర్వాత తెలిసింది. అయినా రాయలేదు.”

“మొదట్నుంచీ రెండేనా? మెల్లగా పెరిగిందా? అది తెలిస్తే సరిదిద్దుకోవచ్చండీ.”

“తెలీదమ్మా.”

గడియారం ముందుంటే, వేళకు వచ్చిన అల కూడా ఆలస్యమైనట్టే నమోదవుతుంది. ఆలస్యమైందంటే దారిలో రాయి వేడిగా ఉందని లెక్క. ఆ ఎర్రమచ్చంతా ఆ రెండు సెకన్లే. ఆమెకు విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. చల్లారిన టీ తాగి, “నిజం చెప్పారు, థాంక్సండీ,” అని లేచింది.

“అమ్మ దగ్గరున్నావు నాన్నా. అందులో తప్పేముంది?” అంది కూతురు.

“దగ్గరుండి ఏం చేశాను? డాక్టరు చెప్పిందానికల్లా తలూపాను. అక్కడ పనికిరాలేదు, ఇక్కడ పని చెడగొట్టాను.”

నాలుగు నెలలకు ఆ శాస్త్రవేత్త ఫోన్ చేసింది. ఆ మచ్చ మీద రాసిన తన వ్యాసం వెనక్కి తీసుకుందట. ఆ రిజిస్టరు మీద నమ్మకం పోయింది కాబట్టి, రికార్డులు భద్రపరిచే కేంద్రంవాళ్ళు ఆ స్టేషన్ రికార్డులన్నీ, ముప్పై ఒక్క ఏళ్ళవీ, పక్కన పెట్టేశారట.

“మిగతా ఇరవైతొమ్మిదేళ్ళూ రోజూ విన్నానమ్మా,” అన్నారాయన. “జ్వరంలో కూడా వెళ్ళి విన్నాను.”

“నాకు తెలుసండీ. కానీ రుజువేది అంటున్నారు.”

“మరి నీ ఉద్యోగం?”

“వేరేది చూసుకుంటున్నాను.” గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

మర్నాడు ఆయన ఆ కేంద్రానికి ఉత్తరం రాశారు. ఏ రెండేళ్ళు వదిలెయ్యాలో తేదీలతో సహా రాసి, తక్కినవి దయచేసి వాడమని కోరారు. కూతురు పోస్టులో వేసి వచ్చింది. రెండు నెలలు జవాబు కోసం ఎదురుచూశారు. తర్వాత దాని ఊసెత్తడం మానేశారు. కూతురు కూడా అడగలేదు.